చల్లార్చిన పళ్ళెం

పొద్దున్నే ఆరింటికి గోడ గడియారాన్ని కిందికి దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆమెకు పదకొండేళ్ళ అలవాటు. వంటగది గట్టు మీద ఆయన నాలుగు పెద్ద గ్లాసుల నిండా నీళ్ళు పోసి వరసగా పెట్టుకునేవాడు. ఆమె "ఊ" అనగానే మొదటిది ఎత్తి, ఆగకుండా నాలుగూ ఖాళీ చేసేవాడు. ఆఖరి గ్లాసు గట్టు మీద టక్కున పెట్టగానే ఆమె సెకన్ల ముల్లు చూసి చెప్పాలి.

"యాభై రెండు."

"అబద్ధం. నలభై ఐదు దాటి ఉండదు."

"ఈ గడియారం నా పుట్టింటి నుంచి రాలేదు, నా పక్షాన మాట్లాడటానికి."

ఆయన మూతి తుడుచుకుని, ఉబ్బిన పొట్ట మీద రెండు దెబ్బలు వేసుకుని, చొక్కా తొడుక్కుని డిపోకు వెళ్ళిపోయేవాడు. ఆ నీళ్ళు కడుపు సాగడానికట. పందెం పళ్ళెం తినేవాడికి అదే కసరత్తని ఆయనకెవరో చెప్పారు.

ఇప్పుడూ ఆరింటికే మెలకువ వస్తుంది. గడియారం గోడ మీదే ఉంటుంది. నాలుగు గ్లాసుల్లో మూడు పైఅరలోకి చేరాయి. మిగిలిన ఒక్కదానితో సగం నీళ్ళు తాగి, తక్కిన సగం కిటికీలో కుండీకి పోసి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక అక్కడే కాసేపు నిలబడుతుంది. ఆయన పోయి ఐదు నెలలు.

ఆయన బస్సుల డిపోలో టైర్లు మార్చేవాడు. అందరికీ టైరాయన. మనిషి గెడకర్రలా సన్నగా ఉండేవాడు. అంత తిండీ ఎక్కడికి పోతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. "నీకు లోపలెక్కడో పంక్చరుందిరా, ఎంత నింపినా నిలవడం లేదు" అని డిపోలో తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు.

ఆమె టైరాయన భార్య. చదువు నాలుగో తరగతితో ఆగింది. పిల్లలు లేరు. రెండు వీధుల అవతల చెల్లెలు ఉంది, లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆ ఇంటి గొడవ వీధికి వినిపించిన రోజు లేదు. నోట్లో నాలుక లేని మనిషని ఇరుగుపొరుగు అనేవాళ్ళు. నాలుక ఉంది. కాకపోతే అది నోరు దాటి బయటికి రాకుండా లోపలే దాని పని అది చేసుకునేది.

డిపో ముందు రోడ్డు దాటితే హోటలు. అక్కడిదే ఆ పెద్ద పళ్ళెం. కిలోన్నర అన్నం, మధ్యలో మొత్తం కోడి ఒకటి, ఎనిమిది గుడ్లు, అంచు చుట్టూ పిట్టగోడ కట్టినట్టు వేయించిన బంగాళదుంపలు. నలభై నిమిషాల్లో తినేస్తే పైసా ఇవ్వక్కర్లేదు. మిగిలిస్తే మొత్తానికీ కట్టాలి. ఓనరు ముసలాయన దానికి రెండు కట్టుబాట్లు పెట్టాడు. ఒకటి, తిన్న మనిషి ఒళ్ళో తెల్లగుడ్డ పరిచి, వండిన మనిషే వచ్చి ఖాళీ పళ్ళేన్ని ఆ గుడ్డ మీద ఒక్కసారి బోర్లించాలి. ఒక్క మెతుకు రాలినా ఓడినట్టే. రెండోది, అందరికంటే తక్కువ సమయంలో తిన్నవాడి ఫోటో వంటగది తలుపు పక్కన మేకుకు తగిలిస్తారు. ఇంకొకడు వచ్చి దాన్ని దాటితే, పాత ఫోటో తీసి ఆ మనిషికో, ఆ మనిషి ఇంటివాళ్ళకో ఇచ్చేస్తారు. అంతవరకూ అది గోడది.

ఇరవై ఆరు నిమిషాల పది సెకన్లు. అది టైరాయన లెక్క. ఐదేళ్ళుగా ఆ మేకుకు ఆయనే వేలాడుతున్నాడు.

ఆ ఐదేళ్ళూ ఆమె కడుపు మండుతూనే ఉంది.

ఎవరి మీదని అడిగితే చెప్పలేకపోయేది. పళ్ళెం మీద అసూయపడ్డానని ఏ ఆడది చెప్పుకుంటుంది? కానీ విషయం అదే. ఇంట్లో ఆయన తిండి ఆమెకు తెలుసు. ఆమె అన్నం పొయ్యి మీది నుంచి నేరుగా పళ్ళెంలోకి రావాలి. కూర కుతకుతలాడుతుండగా గరిటె పడాలి. చల్లారింది పెట్టామంటే ఆ మనిషి కోసం కాచుకుని లేమని చెప్పినట్టే అని ఆమె తల్లి నేర్పింది. కాబట్టి ఆయన సైకిలు వీధి మలుపు తిరిగేసరికి పొయ్యి వెలిగించేది, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి పొగలు కక్కుతూ పళ్ళెం ముందుండేది. ఆయన మాత్రం అన్నాన్ని కెలుకుతూ, డిపోలో ఏ బస్సు చక్రం ఎలా ఊడిందో చెబుతూ, ఇంతసేపు కూర్చుని, చివరికి "చాల్లే" అనేవాడు. ఎప్పుడూ పళ్ళెం అంచున ఒక ముద్ద మిగిలేది. ఆ ముద్దను చెత్తబుట్టలోకి తోసేటప్పుడల్లా ఆమె లోపలి నాలుక లేచేది. అక్కడ మెతుకు రాలకుండా ఊడ్చేస్తాడు, ఇక్కడ ముద్ద మింగుడుపడదు.

ఒకే ఒక్కసారి చూడటానికి వెళ్ళింది. అదే ఆ ఇరవై ఆరు నిమిషాల రోజు. పళ్ళెం వచ్చినప్పుడు దాని మీద ఆవిరి లేదు. చల్లారిన అన్నం తెచ్చి పెట్టింది, ఇదేం వంటమనిషి, అని ఆమెకు లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆయన తల వంచాడు, ఇక ఎత్తలేదు. గాలివాన వచ్చినట్టు తిన్నాడు. అప్పుడు లోపలి నుంచి వంటావిడ వచ్చింది. ఆమె ఈడుదే, దిట్టమైన మనిషి, గొంతు డిపో గేటు దాకా వినిపిస్తుంది. తడి చేతులు ఏప్రానుకు తుడుచుకుని, ఆయన ఒళ్ళో తెల్లగుడ్డ పరిచి, మూలలు సర్ది మరీ, పళ్ళెం బోర్లించింది. ఏమీ రాలలేదు. వంటావిడ ఒక చేత్తో పళ్ళేన్ని ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి ఆయన భుజం మీద వేసింది. ఓనరు ఫోటో తీశాడు. ఆ ఫోటోలో ఆయన నోటి నిండా తిండితో, కళ్ళు మూతలు పడేలా నవ్వుతున్నాడు. అలాంటి నవ్వు ఆమె ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

తిరిగి వస్తుంటే ఆయన అడిగాడు, "ఏంటి, ఉలుకూ పలుకూ లేదు?"

"మాట్లాడటానికేముంది. కడుపు నిండిందిగా."

"నిండింది కాబట్టే. నువ్వు నాలుగు మాటలంటే అరుగుతుందని."

మళ్ళీ ఆ హోటలు గడప తొక్కలేదు. ఆ రాత్రి నుంచి ఇంట్లో వంట మాత్రం మారింది. ఇంకో గరిటె ఎక్కువ, ఇంకాస్త వేడి. ఆయన ఊదుకుంటూ ఊదుకుంటూ తినేవాడు, ఆ ముద్ద మాత్రం మిగులుతూనే ఉండేది.

వాళ్ళిద్దరి మధ్యా ఏమీ లేదని ఆమెకు తెలుసు. వంటావిడ ఆయన్ని "అన్నా" అని పిలిచేది, ఈమె దారిలో ఎదురైతే "వదినా, బాగున్నావా" అనేది. వరస కలిపాక ఇక అనుమానించడానికి చోటుండదు. అనుమానమైతే తేల్చుకుని చేతులు దులుపుకోవచ్చు. ఇది అనుమానం కాదు కాబట్టే ఎటూ పోలేదు.

ఆయన ఒక మధ్యాహ్నం డిపోలో టైరు బిగిస్తూ కూలబడిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. తిండికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వీధి మాత్రం తిని తిని పోయాడనే అనుకుంది. ఇంటికి తెచ్చిన రోజున ఆమెకు కన్నీళ్ళు రాలేదు. గోడకు ఆనుకుని కళ్ళు పొడిగా పెట్టుకుని కూర్చుంది. వంటావిడ ఒంటి మీది ఏప్రానుతోనే పరిగెత్తుకొచ్చి, ఆయన కాళ్ళ దగ్గర పడి, గుండెలు బాదుకుని ఏడ్చింది. వచ్చినవాళ్ళంతా వంటావిడ వీపు నిమిరారు. డిపో నుంచి వచ్చిన కొత్త మేనేజరు వంటావిడ ముందు వంగి, "ధైర్యం తెచ్చుకోండమ్మా. భార్య మీరే కదా" అన్నాడు.

పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ ఏడుపు కూడా తన నుంచి లాగేసుకుందనిపించింది.

మూడో నెలలో ఆమె ఫోటో అడగడానికి వెళ్ళింది. ఇంట్లో ఆయన ఫోటో అంటూ ఉన్నది డిపో గుర్తింపు కార్డు మీది అరంగుళం బొమ్మ. అందులో ఆయన చేయని దొంగతనం ఒప్పుకోమంటే ఒప్పుకోనివాడిలా బిగుసుకుని ఉంటాడు. నవ్వే ఫోటో గోడ మీద ఉంది.

"ఇవ్వనని కాదమ్మా," అన్నాడు ఓనరు, బల్ల మీద లేని దుమ్ము దులుపుతూ. "కట్టుబాటు నేనే పెట్టి నేనే ఎలా తప్పుతాను? రేపు ఇంకొకడు అడుగుతాడు. కావాలంటే దాన్ని చూసి అలాంటిదే ఇంకోటి తీయించి ఇస్తాను."

ఆమె ఏదో అనబోయేలోగా వంటగది తలుపులోంచి వంటావిడ అందుకుంది. "అది ఇక్కడ ఉండనీ వదినా. లోపలికీ బయటికీ తిరుగుతుంటే కనబడుతుంటాడు. అన్న ఇక్కడే ఉన్నట్టుంటుంది."

ఇక్కడే ఉన్నట్టుంటుంది. ఆ మాటను ఆమె ఇంటి దాకా మోసుకుని వచ్చింది. ఇంటికొచ్చాక చెల్లెలితో అంది, "నకలు నాకట. అసలు తనకట."

"ఏ ఫోటో అయితే ఏంటక్కా, మొహం అదే కదా."

"అయితే నీ మొగుణ్ణి చూసి అలాంటివాణ్ణే ఇంకొకణ్ణి చేయించి ఇస్తే తీసుకుంటావా?"

అక్క అంత పొడుగు మాట అనడం చెల్లెలు విని చాలా ఏళ్ళయింది.

ఐదో నెలలో ఆ చెల్లెలే కబురు తెచ్చింది. చెప్పాలా వద్దా అని గుమ్మంలో నలుగుతూ నిలబడి, చివరికి బయటపెట్టింది. ఈత నేర్పే మాస్టరొకడు బావగారి లెక్క దాటతానని పేరిచ్చాడట. వచ్చే ఆదివారం మధ్యాహ్నం.

"ఎలాంటివాడు?" అంది ఆమె.

"పెద్ద మనిషి. ఛాతీ చూస్తే తలుపంత ఉంటుంది. వాడి బనియన్లు మా లాండ్రీకే వస్తాయి, ఇస్త్రీ బల్ల చాలదు. నువ్వు మనసులో పెట్టుకోకక్కా. బావని దాటేవాడు పుట్టలేదు."

"పళ్ళు బాగుంటాయా?"

"ఎవరివి?"

"మాస్టరువి. నమలాలి కదా."

చెల్లెలు అక్క మొహంలోకి ఎగాదిగా చూసింది. దుఃఖంతో మతి చలించిందేమో అనుకుంది. ఆమె మాత్రం లెక్క వేసుకుంటోంది. మాస్టరు గెలిస్తే మేకు మీది ఫోటో దిగుతుంది. దిగితే కట్టుబాటు ప్రకారం తన చేతికి రావాలి. పంతొమ్మిదేళ్ళు కాపురం చేసిన మొగుడి గెలుపు పోతేనే మొగుడు ఇంటికి వస్తాడు. ఆ ఆలోచనకు సిగ్గుపడాలి కాబోలు. సిగ్గుకంటే ముందు ఆశ వచ్చి కూర్చుంది.

ఆదివారం హోటలు కిక్కిరిసింది. టైరాయన భార్య వచ్చిందని జనం పక్కకు జరిగి, పందెం బల్లకు ఎదురుగా కుర్చీ వేశారు. "పాపం, ఎలా చూస్తుందో" అని వెనక ఎవరో గుసగుసలాడారు. మాస్టరు నిజంగానే తలుపంత మనిషి, మాట మాత్రం మెత్తన. లేచి వచ్చి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీకు కష్టంగా ఉంటే చెప్పండమ్మా. మానేస్తాను. ఆయన పేరు చెడగొట్టాలని కాదు."

"తినండి బాబూ," అంది ఆమె. "సగంలో మాత్రం వదిలేయకండి."

చుట్టూ ఉన్నవాళ్ళకు కళ్ళు చెమర్చాయి. ఎంత పెద్ద మనసు అన్నారు. చెల్లెలొక్కతే అక్క వైపు వింతగా చూసింది.

పళ్ళెం వచ్చింది. వంటావిడే రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఆమె మొదట చూసింది ఆవిరినే. అన్నం మీది నుంచి లావుగా, తెరలు తెరలుగా లేస్తోంది. కోడి తొడ మీద నూనె ఇంకా చిటపటలాడుతోంది. వంటావిడ వెనక్కి తిరిగి వెళుతూ వెళుతూ, తలుపు పక్కన గోడకున్న రెగ్యులేటరు మీద చెయ్యి వేసింది. పందెం బల్ల పైన తిరుగుతున్న ఫ్యాను మెల్లగా, మెల్లగా ఆగిపోయింది. అందరి కళ్ళూ మాస్టరు మీదున్నాయి. దాన్ని చూసింది ఆమె ఒక్కతే.

ఓనరు గడియారం నొక్కాడు.

మాస్టరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వెంటనే నోరు తెరిచి ఊదాడు. నీళ్ళు తాగాడు. రెండో ముద్ద వేళ్ళతో విప్పి ఆరబెట్టాడు. ఐదు నిమిషాలకు పిట్టగోడ కూడా దాటలేదు. నుదుటి మీది చెమట ముక్కు చివరకు జారి పళ్ళెంలో పడుతోంది. "మాస్టరుగారూ, ఇది ఈత కాదు, ఊపిరి బిగబట్టకండి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఆమె నవ్వలేదు. ఐదేళ్ళ కిందటి పళ్ళెం కళ్ళ ముందు నిలిచింది. దాని మీద ఆవిరి లేదు. అది వంట రాని చేతి పని కాదు. కావాలని చల్లార్చి తెచ్చిన పళ్ళెం. కిలోన్నర అన్నం దానంతటది చల్లారదు, దాని దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. ఎవరో తన మొగుడి అన్నం దగ్గర నిలబడి, ముద్ద నోట్లోకి సులువుగా పోవాలని అంతసేపు గాలి విసిరారు. తను ఎదురుగా కుర్చీలో కూర్చుని కూడా అది చూడలేదు. ఇప్పుడు అదే మనిషి ఇంకొకడికి నిప్పులు పెట్టింది, ఫోటో దిగకుండా.

ఎనిమిదో నిమిషంలో ఆమె లేచింది. జనం దారి ఇచ్చారు, చూడలేక బయటికి వెళుతోందనుకున్నారు. ఆమె నేరుగా తలుపు పక్కకు వెళ్ళి రెగ్యులేటరును ఐదు మీదకు తిప్పింది.

ఫ్యాను గిరగిరా తిరిగింది. పళ్ళెం మీది ఆవిరి ఒక పక్కకు వాలిపోయింది.

తలుపులో వంటావిడ ఉంది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు.

"ఫ్యాను వేస్తే తిండి చల్లారిపోతుంది వదినా," అంది వంటావిడ గొంతు తగ్గించి. ఆ మనిషి గొంతు అంత చిన్నగా ఉండగలదని ఆమెకు తెలియదు.

"చల్లారనీ. మా ఆయనకి చల్లార్చే పెట్టావు."

వంటావిడ చెయ్యి రెగ్యులేటరు వైపు కొద్దిగా లేచింది. ఈమె అక్కడి నుంచి కదల్లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఎవరికీ అడ్డు నిలబడని మనిషి, స్విచ్చుబోర్డుకు వీపు ఆనించి నిలబడింది. వంటావిడ చెయ్యి దిగిపోయింది.

పది నిమిషాలకు మాస్టరు అందుకున్నాడు. పదిహేనుకు కోడి ఎముకలు పోగుపడ్డాయి. గుడ్లు ఒక్కొక్కటీ రెండు కొరుకుల్లో పోతున్నాయి. చెల్లెలు పక్కకు చేరి చెవిలో అంది, "అక్కా, నువ్వు ఎవరి వైపు?"

"కూర్చోవే. వాడి దృష్టి చెదురుతుంది."

ఇరవై మూడో నిమిషంలో మాస్టరు ఆగిపోయాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పళ్ళెంలో నాలుగైదు ముద్దలకు మించి లేదు. ఇంట్లో పళ్ళెం అంచున మిగిలే ముద్దను చూసి ఆమె ఎన్నిసార్లు పళ్ళు కొరుక్కుందో, అన్నిసార్ల కొరుకూ ఇప్పుడు దవడలోకి వచ్చింది. తిను నాయనా, అనుకుంది. మాస్టరు కళ్ళు తెరిచి ఎవరి వైపూ చూడకుండా ఆ ముద్దలు లోపలికి తోసేశాడు.

ఇరవై ఐదు నిమిషాల నలభై సెకన్లు.

వంటావిడ తెల్లగుడ్డ తెచ్చింది. మాస్టరు ఒళ్ళో విసిరినట్టు పరిచింది, మూలలు సర్దలేదు. అది కూడా ఆమె చూసింది. పళ్ళెం బోర్లించింది. కట్టుబాటు ప్రకారం ఒక్కసారే చేయాలి. వంటావిడ ఒకసారి బోర్లించి, దులిపింది. మళ్ళీ దులిపింది. మూడోసారి పళ్ళెం వీపు మీద అరచేత్తో చరిచింది. "చాలమ్మా, పళ్ళెం సొట్టపోతుంది," అన్నాడు ఓనరు. గుడ్డ మీద ఒక్క మెతుకు లేదు.

జనం చప్పట్లు కొట్టి, వెంటనే ఆమె గుర్తొచ్చి ఆపేశారు. కట్టుబాటు కట్టుబాటే కాబట్టి ఓనరు వంటావిడ వైపు తిరిగి, ఫోటో దించమన్నాడు. వంటావిడ ఫోటో దించి, ఏప్రాను కింద పెట్టుకుని, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

కాసేపు చూసి ఆమె కూడా వెనకే వెళ్ళింది.

వంటగది సన్నగా, పొడుగ్గా ఉంది. పొయ్యిలు ఆర్పినా ఇంకా వేడి కొడుతోంది. వంటావిడ కూరగాయలు తరిగే బల్ల దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంది. గోడకు ఆనించి మంచమంత వెడల్పు రేకు ట్రే ఒకటి, దాని వెనక అంచులు మడతలు పడ్డ అట్ట ముక్క ఉన్నాయి.

"దీంట్లోనా?" అంది ఆమె.

"దాంట్లోనే. అన్నం పలచగా పరిచి, ఆ అట్టతో విసిరి, మళ్ళీ పళ్ళెంలోకి ఎత్తేదాన్ని. అరగంట పట్టేది. మొదటిసారి నాలుక కాల్చుకున్నాడు. రెండోసారి నుంచీ అంతే."

"ఆయనే అడిగాడా?"

"అడిగాడు. అన్నకి వేడి పడదు కదా."

పడదు కదా. లోకానికంతటికీ తెలిసిన ముచ్చటలా అంది వంటావిడ. ఆమె బల్ల అంచు పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళు. పూటకొక పళ్ళెం. సైకిలు మలుపు తిరిగేది చూసి వెలిగించిన పొయ్యి. అన్నాన్ని కెలుకుతూ ఆయన చెప్పిన చక్రాల కథలు. ఆ కథలన్నీ అన్నం ఆరేదాకా కాలం గడపడానికి.

"తెలుసు," అంది ఆమె.

వంటావిడ ఇటు తిరిగింది. "తెలుసా? నీకు తెలియనివ్వొద్దని నా చేత మాట తీసుకున్నాడే. మా ఇంటావిడ పొయ్యి దగ్గర కాచుకుని కూర్చుని పొగలు కక్కేలా పెడుతుంది, ఆ మొహం చూస్తే కాస్త ఆరనీ అనబుద్ధి కాదు, అనేవాడు."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు కరిగిపోయేవాళ్ళు. ఆమెకు ముందు తగిలింది వేరు. తన మొహం గురించిన మాట, తన పొయ్యి గురించిన మాట, ఆయన వంటావిడకు చెప్పాడు. ఇక్కడ, ఈ బల్ల పక్కన నిలబడి చెప్పి ఉంటాడు. పైగా నవ్వుతూ చెప్పి ఉంటాడు.

"చెప్పకపోతే తెలియదా," అంది. "నాలుక ఆయనదైనా వంట నాది."

వంటావిడ ఆ అబద్ధాన్ని పట్టుకుందో వదిలేసిందో తెలియదు. ట్రే వైపు ఒకసారి చూసి అంది, "నీ దగ్గర పంతొమ్మిదేళ్ళు ఉన్నాడు వదినా. నా పళ్ళెం ముందు ఏడాదికి రెండు మూడుసార్లు, అరగంటేసి కూర్చున్నాడు. ఆ అరగంటకి కూడా ఏడుస్తున్నావా?"

"అవును," అంది ఆమె.

వంటావిడకు నవ్వు వచ్చింది, వెంటనే కళ్ళు నిండాయి. ముక్కు ఎగబీల్చుకుంది. "నేనూ అంతే. సాయంత్రం ఆయన సైకిలెక్కి వెళ్ళిపోతుంటే ఈ కిటికీలోంచి చూసేదాన్ని. ఏ ఇంటికి పోతున్నాడో తెలుసు కదా. నా ఇంట్లో నా కోసం పొయ్యి వెలిగించేవాళ్ళు ఎవరున్నారు?"

జాలిపడటానికి ఇంకా టైముంది, ముందు ఫోటో చేతికి రావాలి. ఆమె చెయ్యి చాచింది. వంటావిడ ఏప్రాను కింది నుంచి ఫోటో తీసి, ఒకసారి చూసుకుని, ఇచ్చేసింది. ఇచ్చాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆ రేకు ట్రేను కాస్త పక్కకు జరిపింది.

ఇంటికి వస్తుంటే చెల్లెలు అంది, "ఫ్యాను నువ్వే వేశావు కదూ?"

"ఉక్కగా ఉంటే వేశాను."

"నీకెప్పుడు ఉక్క పోసింది, బావ బతికుండగా పొయ్యి పక్కనే పడుకున్నదానివి."

"నడవవే, ఎండ ఎక్కువగా ఉంది."

ఇంట్లో ఫోటోను వంటగది గట్టు మీద పెట్టింది. వెలుతురులో చూస్తే అద్దమంతా ఐదేళ్ళ వంటగది పొగ, నూనె తుంపరలు. పసుపు పచ్చని పొర గట్టిగా పేరుకుపోయి ఉంది. లోపల ఇద్దరు మనుషులున్నారని తెలుస్తుంది గానీ మొహాలు తేలడం లేదు. వేడినీళ్ళు పెట్టి, సబ్బు నురగ చేసి, పాత చొక్కా ముక్క ముంచి తుడవడం మొదలుపెట్టింది. నూనె అంత తొందరగా వదల్లేదు. గోటితో గీకి, మళ్ళీ తుడిచి, మళ్ళీ నీళ్ళు మార్చింది. మొదట ఆయన నుదురు వచ్చింది. తర్వాత మూతపడ్డ కళ్ళు, ఉబ్బిన బుగ్గలు. పెదవి మూల ఒక మెతుకు అంటుకుని ఉంది. అది అన్నేళ్ళు గోడ మీద వేలాడినా ఎవరూ చూసి ఉండరు. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు, ఐదు నెలలు ఆలస్యంగా. మొహం మోచేతికి తుడుచుకుని మళ్ళీ గుడ్డ ముంచింది.

మెడ వచ్చింది. చొక్కా కాలరు వచ్చింది. భుజం సగం దాకా వచ్చింది. అక్కడ వంటావిడ చేతి నాలుగు వేళ్ళ చివర్లు బయటపడ్డాయి. ఆమె గుడ్డ ఆగింది.

"ఇలా తే, ఆ పక్కది నేను తుడుస్తాను," అంది చెల్లెలు. "సగం మిగిలిపోయింది."

"మిగలనీ."

"మరకలా కనిపిస్తుందక్కా, మనిషిలా లేదు."

"తెలుసులే."

ఆమె నురగ నీళ్ళు పారబోసి, గుడ్డను గట్టిగా పిండి, దండెం మీద ఆరేసింది.